సీలియాక్ అని తేలాక: గ్లూటెన్ లేని తిండికి మారడం ఎలా

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. అది తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు సీలియాక్. ఈ వ్యాధికి ఇంతవరకూ మందు లేదు. గ్లూటెన్ ఉన్న తిండిని జీవితాంతం మానేయడమే చికిత్స. డాక్టరు ఈ మాట అర నిమిషంలో చెప్పేస్తారు. ఇంటికొచ్చి వంటింటి అల్మరా తెరిచాకే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, పక్కవాళ్లు రొట్టెలు చేసుకుంటుంటే ఏం చేయాలి, బయటికెళ్తే ఏం తినాలి? వీటిని ఒక వరసలో చూద్దాం.

1. పరీక్షలు పూర్తయ్యేదాకా గోధుమ మానకండి

ఇంకా నిర్ధారణ కాని వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. కడుపు ఉబ్బరం, తరచూ విరేచనాలు, ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా పెరగని హిమోగ్లోబిన్, ఎత్తు పెరగని పిల్లలు... ఇలాంటివి ఉన్నప్పుడు గ్లూటెన్ మీద అనుమానం రాగానే చాలామంది ముందు గోధుమ మానేస్తారు. ఒంట్లో కాస్త తేలిగ్గా అనిపిస్తుంది. కొన్ని నెలల తర్వాత పరీక్షకు వెళ్తే రిపోర్టు నార్మల్ అని వస్తుంది. జబ్బు లేకపోవడం వల్ల కాదు. రక్తపరీక్షలో చూసేది గ్లూటెన్ తిన్నప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. తినడం మానేస్తే అవి క్రమంగా తగ్గిపోతాయి, పేగు కూడా మానడం మొదలుపెడుతుంది.

మామూలుగా ముందు టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా చేయించమని అడగండి. కొందరికి ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది, వాళ్లలో మొదటి పరీక్ష తప్పుగా నెగెటివ్ వస్తుంది. రక్తంలో యాంటీబాడీలు కనిపిస్తే ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి కొన్ని చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు, దీన్నే బయాప్సీ అంటారు. పిల్లల్లో టీటీజీ మామూలు పరిమితికి పది రెట్లు దాటి, వేరే రోజు తీసిన రక్తంలో ఈఎంఏ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ వస్తే బయాప్సీ లేకుండానే నిర్ధారించే పద్ధతి ఉంది. అది పిల్లల గ్యాస్ట్రో డాక్టరు తేల్చాల్సిన విషయం.

ఇప్పటికే మానేసి ఉంటే? జన్యు పరీక్ష ఒకటి ఉంది, దానికి గ్లూటెన్ తినాల్సిన పని లేదు. హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యువులు రెండూ లేకపోతే సీలియాక్ కాదని దాదాపుగా చెప్పేయొచ్చు. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. జనాభాలో మూడో వంతుకు పైగా మందిలో ఆ జన్యువులు ఉంటాయి, జబ్బు వచ్చేది మాత్రం నూటికి ఒక్కరికి అటూ ఇటూగా. జన్యువు ఉందని తేలితే కొన్ని వారాలు మళ్లీ గ్లూటెన్ తిని పరీక్ష చేయించుకోవాల్సి రావచ్చు. అది సొంతంగా చేసే ప్రయోగం కాదు, డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులే.

"ఎలాగూ మానేస్తున్నా కదా, పరీక్ష ఎందుకు?" అని కొందరంటారు. సీలియాక్ అయితే చిటికెడు కూడా పనికిరాదు, ఎముకల్ని, రక్తాన్ని గమనించుకోవాలి, తోబుట్టువులకు, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. మామూలుగా గోధుమ పడకపోవడం అయితే ఇంత కట్టుదిట్టం అవసరం లేదు. ఏదో తెలియకుండా జీవితాంతం పత్యం చేయడం కష్టం, మధ్యలో వదిలేసేవాళ్లే ఎక్కువ.

2. లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి

ఇది అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే గ్లూటెన్‌ను మన రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడి, ఆ పోరులో సొంత చిన్నపేగునే దెబ్బతీస్తుంది. పేగు లోపలి గోడ మీద నూగులా ఉండే విల్లై అరిగి చదునైపోతాయి. పోషకాలను పీల్చుకునేది అవే కాబట్టి తిన్నది ఒంటికి పట్టదు. రక్తహీనత, ఎముకలు పలచబడటం, నీరసం అందువల్లే. కొందరికి నోట్లో పుండ్లు, చర్మం మీద విపరీతమైన దురదతో పొక్కులు కూడా వస్తాయి. కడుపులో ఏ బాధా లేకుండా ఇవి మాత్రమే కనిపించేవాళ్లు చాలామంది ఉంటారు.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లింకును నిరూపించింది విల్లెమ్ డికె అనే డచ్ పిల్లల వైద్యుడు. ఆయనకు రెండో ప్రపంచ యుద్ధానికి ముందే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి బ్రెడ్ దొరకనప్పుడు ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు తేరుకున్నారు, బ్రెడ్ మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన ఇదే విషయం మీద థీసిస్ రాశారు. అంతకుముందు దశాబ్దాల తరబడి ఈ పిల్లలకు అరటిపళ్ల పత్యం పెట్టేవారు. అది పనిచేయడానికి కారణం అరటిపండు గొప్పతనం కాదు, ఆ పత్యంలో గోధుమ లేకపోవడం.

3. ఏం తినొచ్చో ముందు రాసుకోండి

నిషేధాల పట్టికతో మొదలుపెడితే మొదటి వారంలోనే ఆకలి, చిరాకు. తినగలిగేవి ముందు రాసుకోండి. బియ్యం, మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, కినోవా, బంగాళాదుంప, కర్రపెండలం, సగ్గుబియ్యం, పప్పులన్నీ, శనగపిండి, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, పండ్లు, కూరగాయలు, గింజలు. వీటిలో సహజంగా గ్లూటెన్ లేదు. బక్‌వీట్ పేరులో వీట్ ఉన్నా అది గోధుమ జాతి కాదు, తినొచ్చు.

మానాల్సినవి: గోధుమలు ఏ రూపంలో ఉన్నా. పిండి, మైదా, రవ్వ, సేమియా, పాస్తా, నూడుల్స్, బ్రెడ్, బిస్కెట్లు, కేకులు. డ్యూరమ్, స్పెల్ట్, ఖొరాసాన్, కుస్‌కుస్, బుల్గర్ కూడా గోధుమలే. పాతకాలపు గోధుమ రకమనో, పులియబెట్టిన పిండితో చేశామనో చెప్పి అమ్మే బ్రెడ్ కూడా సీలియాక్ ఉన్నవాళ్లకు పనికిరాదు. బార్లీ, దాని నుంచి వచ్చే మాల్ట్, మాల్ట్ కలిపిన పాల పొడులు, మామూలు బీరు కూడా వద్దు.

ఓట్స్ సంగతి కాస్త తిరకాసు. వాటిలో సహజంగా గ్లూటెన్ ఉండదు కానీ పొలంలో, లారీలో, మిల్లులో గోధుమ, బార్లీ కలిసిపోతాయి. గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర ఉన్న ఓట్స్ చాలామందికి పడతాయి, కొద్దిమందికి అవి కూడా పడవు. అందుకే మొదటి కొన్ని నెలలు జోలికి పోకుండా, యాంటీబాడీలు తగ్గాక డాక్టరును అడిగి కొద్దికొద్దిగా మొదలుపెట్టడం మేలు.

గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, బ్రెడ్లు, కేకుల వెంట పడకండి. అప్పుడప్పుడు సరదాగా అయితే సరే. రోజూ వాటి మీదే బతికితే పీచు తగ్గి, చక్కెర, కొవ్వు పెరుగుతాయి, డబ్బూ ఖర్చవుతుంది. ఆ మాటకొస్తే గ్లూటెన్ ఫ్రీ అనే ముద్ర ఆరోగ్యకరమైన తిండికి గుర్తే కాదు, అందులో గ్లూటెన్ లేదని చెబుతుంది, అంతే. అలాగే మూడు పూటలా బియ్యమే తినకుండా ధాన్యాలు మారుస్తూ ఉండండి. పీచు కోసం ఒక కారణం, బియ్యంలో సహజంగా ఉండే ఆర్సెనిక్ అనే విషపదార్థం ఒంట్లో ఎక్కువగా చేరకుండా ఇంకో కారణం.

4. వంటింటిని సర్దండి

ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. గోధుమ రొట్టె తినరు, కానీ గోధుమ పిండి పడిన గరిటెతో కలిపిన కూర తింటారు.

ఎంత తక్కువైతే సమస్య కాదు? ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు, అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు, మూడు నెలలు తింటే చాలు, పేగు దెబ్బతింటుందని తేలింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఎక్కువమందికి హాని జరగదని అంచనా. టోస్టర్ అడుగున రాలిన పొడి చిటికెడైనా ఆ లెక్క దాటేస్తుంది.

గ్లూటెన్ క్రిమి కాదు. ఎంత వేడి చేసినా చావదు, శానిటైజర్ రాస్తే పోదు. సబ్బు, నీళ్లు పెట్టి తోమి కడిగితేనే పోతుంది. దీన్నిబట్టి ఏ సామాను కడిగితే చాలో, ఏది విడిగా కొనాలో మీకే తెలిసిపోతుంది. స్టీలు, గాజు, పింగాణీ బాగా కడిగితే చాలు. సందులు, గీతలు, రంధ్రాలు ఉన్నవి మాత్రం విడిగా కావాలి: టోస్టర్, జల్లెడ, చిల్లుల గిన్నె, చెక్క గరిటెలు, రొట్టెల పీట, కర్ర, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, కూరగాయలు కోసే చెక్క పలక. గిన్నెలు తోమే స్పాంజి కూడా.

ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే:

- గ్లూటెన్ లేని వంట ముందు చేయండి, గోధుమ పని తర్వాత. పొడి పిండి గాల్లో లేచి చాలాసేపటికి గానీ పూర్తిగా కిందికి దిగదు, ఆ దగ్గర మూత లేని గిన్నె ఏదీ ఉండకూడదు.
- అల్మరాలో మీ సరుకులు పై అరలో, గోధుమ పిండి కింది అరలో. పైనుంచి రాలితే కిందివే పాడవుతాయి.
- వెన్న, జామ్, పచ్చడి సీసాలు మీకు విడిగా ఉండాలి. బ్రెడ్ మీద రాసిన చెంచా మళ్లీ సీసాలో పెట్టడం ఎవరి ఇంట్లోనైనా మామూలే. మూత మీద రంగు టేపు అంటించండి.
- గోధుమ పిండితో చేసినవి వేయించిన నూనెలో మీవి వేయించకండి. పాస్తా ఉడికించిన నీళ్లు కూడా అంతే.

అవకాశం ఉంటే ఇంటిల్లిపాదికీ ఉమ్మడిగా చేసే కూర, పులుసు, అన్నం గ్లూటెన్ లేకుండానే చేసి, గోధుమతో చేసే ఒకటి రెండు వస్తువులను విడిగా ఉంచడం అన్నిటికన్నా సులువు. ఒకే ఇంట్లో ప్రతి పూటా రెండు వంటలు ఎంతకాలమని చేస్తారు?

విడిగా కొన్న పప్పుల్లో, చిరుధాన్యాల్లో గోధుమ, బార్లీ గింజలు కలిసి ఉండటం సర్వసాధారణం. పళ్లెంలో పరిచి ఏరి, రెండు మూడుసార్లు కడిగి వాడండి. జొన్నలు, రాగులు మరలో ఆడిస్తే, అదే మరలో అంతకుముందు గోధుమ ఆడించి ఉంటే ఆ పిండి మీకు పనికిరాదు. ముందు కొంచెం వేసి తీసేసినా మూలల్లో మిగిలేది మిగిలే ఉంటుంది. ఇంట్లోనే చిన్న గ్రైండర్‌లో ఆడించుకోండి, లేదా ముద్ర ఉన్న ప్యాకెట్ పిండి కొనండి.

5. ప్యాకెట్ చదవడం అలవాటు చేసుకోండి

గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ ఉండకూడదు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం, యూరప్, అమెరికా, ఇండియా నిబంధనలు అన్నీ దాదాపు ఇదే గీత దగ్గర ఆగాయి. అలాంటి సరుకు రోజుకు అర కిలో తిన్నా 10 మిల్లీగ్రాములు దాటదు.

ముద్ర లేనప్పుడు పదార్థాల జాబితా చదవాలి. గోధుమ అనే పదం ఎవరైనా పట్టుకుంటారు. దాటిపోయేవి వేరే: మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ వెనిగర్, హైడ్రొలైజ్డ్ వీట్ ప్రొటీన్, సెమోలినా, సెయిటాన్, బ్రూయర్స్ ఈస్ట్. మామూలు సోయా సాస్ తయారీలో గోధుమ కూడా వాడతారు. సూప్ పొడులు, రెడీమేడ్ మసాలాలు, సాసేజ్‌లు, కార్న్‌ఫ్లేక్స్ కూడా అనుమానించాల్సినవే. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నతో చేసినా చాలావాటిలో రుచికి మాల్ట్ కలుపుతారు. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరు చూసి మాత్రం భయపడకండి, దానికీ మాల్ట్‌కీ సంబంధం లేదు.

వీట్ ఫ్రీ అంటే గ్లూటెన్ ఫ్రీ కాదు, అందులో బార్లీ ఉండొచ్చు. అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల్లో గోధుమ ఉంది, బార్లీ, రై లేవు. ఎప్పుడూ కొనే బిస్కెట్ అయినా ప్రతిసారీ చదవండి. కంపెనీలు చెప్పాపెట్టకుండా తయారీ మారుస్తుంటాయి.

మందుల్లో కూడా పిండిపదార్థం కలుపుతారు. ఎక్కువగా మొక్కజొన్నదో బంగాళాదుంపదో అయినా, రోజూ వేసుకునే మాత్ర గురించి ఫార్మసిస్ట్‌ను ఒకసారి అడగండి. ఒంటికి రాసే క్రీములతో ఇబ్బంది లేదు, గ్లూటెన్ చర్మంలోంచి లోపలికి పోదు. పెదాలకు రాసేవి చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే రంగు ముద్దల్లో గోధుమ పిండి ఉంటుంది. ఆడాక చేతులు కడిగించండి.

6. బయట తినేటప్పుడు

"ఇందులో గ్లూటెన్ ఉందా?" అని అడిగితే లేదనే చెబుతారు. చాలాసార్లు అడిగిందేమిటో అర్థం కాక. పనిని గురించి అడగండి. గ్రేవీ చిక్కబడటానికి ఏం కలిపారు? సోయా సాస్ వేశారా? వేయించిన నూనెలో ఇంకేం వేయిస్తారు? ఇది కాల్చే పెనం మీదే రొట్టెలు కాలుస్తారా? ఈ నాలుగు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు వస్తే అక్కడ తినొచ్చు. సర్వర్ "ఏం కాదు సార్" అంటుంటే ఆ పూటకు పండ్లతో సరిపెట్టుకోండి.

రద్దీ లేని సమయంలో వెళ్తే వంటవాళ్లకు మీ మాట వినే ఓపిక ఉంటుంది. బఫేల్లో ఒక గిన్నెలోని గరిటె ఇంకో గిన్నెలోకి పోతుంది కాబట్టి అందరికన్నా ముందు వడ్డించుకోండి, లేదా వంటింట్లోంచి విడిగా తెప్పించుకోండి. సలాడ్‌లో బ్రెడ్ ముక్కలు వేసి తెచ్చాక వాటిని ఏరేస్తే సరిపోదు, కొత్తది చేయించాలి. విమాన ప్రయాణమైతే కనీసం ఒకటి రెండు రోజుల ముందే గ్లూటెన్ ఫ్రీ భోజనం బుక్ చేయాలి. అది ఒక్కోసారి రాదు కాబట్టి బ్యాగులో వేరుశనగలో, ఖర్జూరాలో ఉండాలి.

చుట్టాల ఇళ్లలోనే కష్టం. "ప్రేమతో చేశాం, ఒక్క ముక్కకేమవుతుంది?" అంటారు. వాదన పెట్టుకోకుండా ఒకే మాట చెప్పండి: "ఇది నాకు పడకపోవడం కాదు, తింటే పేగు దెబ్బతింటుంది, డాక్టరు పూర్తిగా మానమన్నారు." డాక్టరు పేరు చెబితే చాలామంది అక్కడితో ఆపుతారు. వెళ్లే ముందే ఫోన్ చేసి "నా కోసం ప్రత్యేకంగా ఏం వద్దు, అన్నం, పెరుగు, పండ్లు చాలు" అంటే వాళ్లకూ టెన్షన్ తగ్గుతుంది.

7. పొరపాటున తింటే

కొందరికి ఒకటి రెండు గంటల్లోనే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. కొందరికి మర్నాడు నీరసం, తలనొప్పి, మనసు మందగించినట్టు ఉండటం. కొందరికి ఏమీ ఉండదు, అదే చిక్కు. బాధ లేదు కాబట్టి పడుతోందనుకుని మళ్లీ తింటారు, లోపల పేగు మాత్రం దెబ్బతింటూనే ఉంటుంది.

తిన్నాక దాన్ని విరిచే మందు లేదు. నీళ్లు, విరేచనాలైతే ఓఆర్‌ఎస్, తేలికైన భోజనం, విశ్రాంతి. గ్లూటెన్‌ను అరిగిస్తాయంటూ అమ్మే ఎంజైమ్ మాత్రలను నమ్మి గోధుమ తినకండి, సీలియాక్ ఉన్నవాళ్లకు అవి రక్షణ కాదు. ఏం తిన్నారో, ఎక్కడ తిన్నారో రాసిపెట్టుకోండి. ఒక్కసారి జరిగినదానికి కుమిలిపోనక్కర్లేదు, పేగు మళ్లీ మానుతుంది. అదే చోటు రెండోసారి కనిపిస్తే మాత్రం ఆ దారి మూసేయండి.

8. ఎవరెవరికి పరీక్ష, ఎప్పుడెప్పుడు పరీక్ష

తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి సీలియాక్ ఉండే అవకాశం ఉంది. లక్షణాలు లేకపోయినా రక్తపరీక్ష చేయించమనండి.

మీకు నిర్ధారణ అయిన కొత్తలో ఐరన్, ఫోలేట్, బీ12, విటమిన్ డీ, క్యాల్షియం, థైరాయిడ్ చూస్తారు. పెద్దవాళ్లకు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ కూడా చెప్పొచ్చు. తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏడాదికోసారి టీటీజీ. అంకె నెలనెలా తగ్గుతూ రావాలి, నార్మల్‌కు చేరడానికి ఏడాది దాటినా కంగారు లేదు. పిల్లల పేగు త్వరగా మానుతుంది. పెద్దవాళ్లలో రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఒంట్లో బాగుందనిపించడం మాత్రం అంతకు చాలా ముందే, కొన్ని వారాల్లోనే మొదలవుతుంది.

మొదట్లో పాలు పడకపోవచ్చు. పాల చక్కెరను అరిగించే ఎంజైమ్ తయారయ్యేది దెబ్బతిన్న ఆ విల్లై కొసల్లోనే. పేగు మానాక చాలామందికి పాలు మళ్లీ పడతాయి, కాబట్టి వాటిని శాశ్వతంగా మానేయకండి, క్యాల్షియం అవసరం మీకు మామూలు కన్నా ఎక్కువ. గోధుమ పీచు పోవడం వల్ల మలబద్ధకం వస్తే పప్పులు, కూరగాయలు, చిరుధాన్యాలు పెంచండి. తిన్నది ఒంటికి పట్టడం మొదలయ్యాక బరువు పెరగడం కూడా మామూలే.

ఆరు నెలల నుంచి ఏడాది జాగ్రత్తగా ఉన్నా లక్షణాలు తగ్గకపోతే ముందు వెతకాల్సింది తెలియకుండా లోపలికి వెళ్తున్న గ్లూటెన్‌నే. చాలామందిలో కారణం అదే. వారం రోజుల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ, మందులతో సహా, రాసుకుని సీలియాక్ తెలిసిన డైటీషియన్‌కు చూపించండి. అక్కడ ఏమీ దొరకకపోతే డాక్టరు పాల సమస్య, చిన్నపేగులో బ్యాక్టీరియా పెరగడం, క్లోమం సరిగా పనిచేయకపోవడం లాంటివి చూస్తారు. గ్లూటెన్ తినడం పూర్తిగా ఆపేసినా పేగు నయం కాని రిఫ్రాక్టరీ సీలియాక్ అనే రకం ఉంది కానీ చాలా అరుదు, ఇవన్నీ కాదని తేలాకే దాని పేరు ఎత్తుతారు. బరువు వేగంగా తగ్గిపోవడం, మలంలో రక్తం, రాత్రిళ్లు నిద్రలేపే కడుపునొప్పి, జ్వరం ఉంటే మాత్రం డైరీ నిండేదాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.